గీజర్ లెక్కకు మీ మెసేజ్‌లు ఎందుకు?

ప్రశ్న: మాది విశాఖలో సముద్రం పక్కనున్న లాసన్స్ బే కాలనీ. గీజర్ ప్లగ్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోంది. వోల్టేజీ, కరెంటు ఇస్తే రెసిస్టెన్స్, పవర్ లెక్కగట్టే యాప్ ఒకటి ఫోన్‌లో వేసుకున్నాను. ఎలక్ట్రీషియన్ మీటరు పెట్టి చెప్పిన 230 వోల్టులు, 8.7 ఆంపియర్లు ఇస్తే 2001 వాట్లు, 26.4 ఓంలు అని చూపింది. గీజర్ మీద కూడా 2000 వాట్లు అనే ఉంది. అంతా సరిగ్గా ఉన్నప్పుడు ప్లగ్ ఎందుకు కాలుతోంది? యాప్ తెరవగానే కాంటాక్టులు, మెసేజ్‌లు, లొకేషన్ అడిగితే అన్నింటికీ అనుమతి ఇచ్చాను.

జవాబు: లెక్క సరైనదే. గీజర్, ఇస్త్రీపెట్టె లాంటివాటికి ఆ గుణకారం, భాగహారం చాలు. ఫ్రిజ్, నీళ్ల మోటారు అయితే పవర్ ఫ్యాక్టర్ (ఆ గుణకారంలో నిజంగా పనికి వాడే వంతు ఎంతో చెప్పే అంకె) కూడా చూడాలి.

గీజర్ స్విచ్ ఆపేసి, ముందు ఫోన్ చేతిలోకి తీసుకోండి. మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది చివరి వాక్యం. రెండు అంకెలను భాగించే యాప్‌కు మీ మెసేజ్‌లతో పనేమిటి? బ్యాంకు ఓటీపీలు వచ్చేది అక్కడికే. వాటిని చదివే అనుమతి ఇవ్వడమంటే బీరువా తాళం అపరిచితుడి చేతిలో పెట్టడమే. టార్చిలైటు యాప్ గురించి, పంచాంగం యాప్ గురించి ఇదే మాట ఎన్నిసార్లు రాశానో! ఇన్ని అనుమతులు అడిగే క్యాలిక్యులేటర్‌ను తయారుచేసినవారిది నిర్లక్ష్యమా, దురుద్దేశమా అని ఆలోచిస్తూ కూర్చోవద్దు. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ జాబితాలు (ఫోన్ మీద ఎక్కువ పెత్తనం ఇచ్చిన యాప్‌లు కనిపించేది అక్కడే) చూసి, ఆ యాప్ పేరు ఉంటే ఆపండి. తర్వాత యాప్‌ను తీసేయండి. తీసేసినా, ఇప్పటికే బయటికి వెళ్లిన మీ బంధువుల, స్నేహితుల నంబర్లు వెనక్కి రావు. బ్యాంకు పాస్‌వర్డ్‌ను వేరే ఫోన్ నుంచి మార్చండి. మీరు చేయని లావాదేవీ ఒక్కటి కనిపించినా ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఇకమీదట ఇలాంటి లెక్కలకు ఫోన్‌తో పాటు వచ్చిన క్యాలిక్యులేటర్ వాడండి.

ఇక ప్లగ్. మెయిన్ ఆపించి, ప్లగ్ ఊడదీసి పిన్నుల మొదలు చూడండి. ఇత్తడి మీద ఆకుపచ్చగా చిలుము పట్టి ఉంటుందని నా అనుమానం. తీరానికి దగ్గరగా ఉన్న ఇళ్లలో ఉప్పుగాలి కిటికీ ఊచలనే తినేస్తుంది, పిన్నులను వదులుతుందా? చిలుము వల్ల, వదులైన సాకెట్ వల్ల ఆ అతుకు దగ్గర 0.2 ఓం రెసిస్టెన్స్ చేరిందనుకోండి. 26.4 ఓంలలో అది ఒక శాతం కూడా కాదు, అందుకే మీ లెక్కలో కనిపించలేదు. కానీ వేడి కరెంటు వర్గాన్ని బట్టి పుడుతుంది: 8.7ను 8.7తో, దాన్ని 0.2తో గుణిస్తే సుమారు 15 వాట్లు. పాత జీరో బల్బు తాగినంత విద్యుత్తు, వేలెడంత ప్లాస్టిక్ లోపల పూర్తిగా వేడిగా మారుతోంది. వేడికి సాకెట్ లోపలి పట్టు ఇంకా వదులవుతుంది, రెసిస్టెన్స్ ఇంకా పెరుగుతుంది. ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగినా, కాలిన వాసన వచ్చినా ఆ గీజర్‌ను మళ్లీ వేయకండి.

గరుకు కాగితంతో పిన్నులు రుద్ది సరిపెట్టుకోవద్దు. 16 ఆంపియర్ల ప్లగ్, సాకెట్ రెండూ ఒకేసారి కొత్తవి వేయించండి. వదులైన పాత సాకెట్‌లో పెడితే కొత్త ప్లగ్ కూడా కాలుతుంది.