సంతకానికి తొందరపడొద్దు, ముందు లెక్క తేలనివ్వండి

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. పెళ్లయి పన్నెండేళ్లయింది. పాప పుట్టాక హైదరాబాద్‌లో చేస్తున్న ఉద్యోగం మానేశాను. ఏడాదికి పైగా పాపతో విజయవాడలో మా అమ్మ దగ్గరే ఉంటున్నాను. ఇప్పుడు మా ఆయన ఇద్దరి ఒప్పుదలతో విడాకులు తీసుకుందామని కాగితాలు పంపారు. 15 లక్షలు ఇస్తారట, ఇద్దరి పేరు మీదున్న ఫ్లాట్‌లో నా వాటా ఆయనకి రాసివ్వాలట, ఆ తర్వాత నాకు గానీ పాపకి గానీ ఏమీ అడగకూడదట. నా బంగారం అత్తగారి లాకర్‌లో ఉండిపోయింది. "కోర్టుల చుట్టూ తిరిగితే పరువు పోతుంది, సంతకం పెట్టేసెయ్" అంటున్నాడు అన్నయ్య. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఏం చెయ్యమంటారు?
- ఒక సోదరి, విజయవాడ

జవాబు: ఈ కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండమ్మా. విడిపోవాలా వద్దా అన్నది మీ ఇష్టం, అందులో నేను వేలు పెట్టను. కానీ ఆయన జీతమెంత, ఆ ఫ్లాట్ ఇవాళ ఎంత పలుకుతుంది, లోన్ ఇంకా ఎంత మిగిలింది, పీఎఫ్ ఎంత, షేర్లేమైనా ఉన్నాయా, ఇవేవీ చూడకుండా 15 లక్షలు న్యాయమో అన్యాయమో మీకెలా తెలుస్తుంది?

ముందు మీ జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్లకి, ఆదాయం ఎంతున్నా సరే, అక్కడ ఉచితంగా లాయర్ని ఇస్తారు. 15100కి ఫోన్ చేసినా దారి చెప్తారు. ఆయన తరఫు లాయరే "మీ ఇద్దరికీ నేనే చూసుకుంటాను" అంటే ఒప్పుకోకండి. కేసు కోసం హైదరాబాద్ దాకా తిరగాలేమోనన్న భయం కూడా వద్దు, భార్య తానుంటున్న ఊళ్లోనే విడాకుల కేసు వేసుకునే వీలు 2003 నుంచి చట్టంలో ఉంది.

ఇద్దరి ఒప్పుదలతో అయినా సంతకం పెట్టిన రోజే అయిపోదు. హిందూ వివాహ చట్టంలో మొదటి పిటిషన్ తర్వాత ఆరు నెలల గడువుంటుంది. కేసుని బట్టి కోర్టు దాన్ని తగ్గించొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. డిక్రీ, అంటే కోర్టు చివరి తీర్పు, వచ్చేలోగా మీ మనసు మారితే వెనక్కి తగ్గొచ్చు కూడా. కాబట్టి "ఈ నెలాఖరులోగా తేల్చు" అని ఎవరైనా అంటే ఆ తొందర వాళ్లది. డబ్బు విషయానికొస్తే, కొంత మొదటి పిటిషన్ రోజున, మిగతాది రెండోసారి జడ్జిగారి ముందు చెప్పేటప్పుడు డీడీగా మీ చేతికి రావాలి. "తర్వాత నెలనెలా వేస్తాను" అనే మాటని నమ్ముకుని ఫ్లాట్ రాసిచ్చేసిన వాళ్లు ఎందరో ఉన్నారు.

ఆ ఫ్లాట్‌తో ఇంకో చిక్కుంది. లోన్‌లో మీరూ ఉన్నారేమో చూసుకోండి. ఉంటే, వాటా వదులుకుంటున్నట్టు ఆయనకి రిలీజ్ డీడ్ రాసిచ్చినా బ్యాంకు దృష్టిలో అప్పు మీది కూడా. రేపు ఆయన ఈఎంఐ కట్టకపోతే అప్పులు సరిగ్గా కడతారా లేదా అని బ్యాంకులు చూసే మీ సిబిల్ స్కోరు పడిపోతుంది, నోటీసు అమ్మ ఇంటికి వస్తుంది. లోన్‌లోంచి మీ పేరు తీసేసినట్టు బ్యాంకు రాతపూర్వకంగా ఇచ్చాకే రిలీజ్ డీడ్ మీద సంతకం.

బంగారం మీది. పెళ్లప్పుడు పుట్టింటివాళ్లు పెట్టిందీ, అత్తింటివాళ్లు పెట్టిందీ, పసుపు కుంకుమ కింద పొలం ఏదైనా రాసిచ్చి ఉంటే అదీ, అన్నీ స్త్రీధనమే. అది ఎవరి లాకర్‌లో ఉన్నా సొంతదారు మీరేనని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. పెళ్లి ఆల్బమ్ ముందేసుకుని అమ్మా మీరూ కూర్చుని ఏ ఫొటోలో ఏ నగ ఉందో రాయండి, షాపు బిల్లులు వెతకండి. ఆ జాబితా ఒప్పందంలోకి ఎక్కాలి. తిరిగిచ్చే తేదీతో సహా.

ఒప్పుదల కుదరకపోతే? కేసు తేలేదాకా నెలనెలా ఇచ్చే మధ్యంతర భరణం అడగొచ్చు. ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు అఫిడవిట్‌లో చూపించి తీరాలని, భరణం దరఖాస్తు పెట్టిన రోజు నుంచే లెక్కకట్టాలని 2020 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే దరఖాస్తు ఆలస్యం చేస్తే ఆ నెలలన్నీ పోయినట్టే. "చదువుకున్నావుగా, ఉద్యోగం చేసుకో" అంటారు. సంపాదించగలగడం వేరు, నిజంగా సంపాదిస్తుండడం వేరు, ఈ మాట కూడా సుప్రీంకోర్టుదే. పాప పోషణ పాప హక్కు, మీరు వదులుకున్నంత మాత్రాన తండ్రి బాధ్యత పోదు. ఆ "ఏమీ అడగకూడదు" అనే వాక్యం కొట్టేయించండి.

ఈ వారంలోనే చేయాల్సినవీ ఉన్నాయి. మీ బ్యాంకు ఖాతాకీ ఆధార్‌కీ ఏ ఫోన్ నంబరు ఉందో చూడండి. చాలా ఇళ్లలో అది భర్తదే ఉంటుంది, ఓటీపీలన్నీ ఆయనకే పోతాయి. మీ ఒక్కరి పేరు మీద వేరే ఖాతా తెరవండి. ఆయన కంపెనీ ఆరోగ్య బీమాలో మీరుంటే విడాకులతో అది ఆగిపోతుంది. పాత జబ్బులకి కొత్త పాలసీలో మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు కనుక ఇప్పుడే తీసుకోండి. వచ్చిన డబ్బు ఎఫ్‌డీలోనే ఉంచి, కనీసం ఏడాది దాకా ఎవరి వ్యాపారంలోనూ పెట్టకండి, అన్నయ్య వ్యాపారంలో కూడా. మీ అన్నయ్య మీద కోపంతో అనడం లేదు, ఇంట్లో ఉంటున్న చెల్లెలు డబ్బు తిరిగి అడగలేదు కాబట్టి అంటున్నాను.

నిద్ర సంగతి చిన్నదని పక్కన పెట్టకండి. 14416 టెలీ మానస్ నంబరు, మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. పేరంటానికి వెళ్తే "అల్లుడుగారు రాలేదా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. "మేం విడిగా ఉంటున్నాం పిన్నిగారూ" అనండి, అంతే, కథంతా చెప్పక్కర్లేదు. పాప చేత మాత్రం వాళ్ల నాన్నకి కబుర్లు పంపకండి.

ప్రశ్న: మా ఆయన అమెరికాలో ఉంటారు. పెళ్లి ఇక్కడే హిందూ పద్ధతిలో జరిగింది. అక్కడి కోర్టులో విడాకులకి వేసి కాగితాలు మెయిల్ చేశారు. నా పని అయిపోయినట్టేనా?
- కరీంనగర్ నుంచి ఒకరు

జవాబు: కాలేదు. అచ్చం మీలాంటి కేసే, తిరుపతిలో 1975లో జరిగిన పెళ్లి. భర్త అమెరికాలో మిస్సోరీ కోర్టు నుంచి విడాకులు తెచ్చుకున్నాడు. భార్య ఆ కోర్టు అధికారానికి ఒప్పుకోలేదు, విడాకులకి చూపించిన కారణం మన చట్టంలో లేనిది, అందుకని ఆ డిక్రీ ఇక్కడ చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ మెయిల్‌కి "ఓకే" అని కూడా జవాబివ్వకండి, అలాగని చూడనట్టు వదిలేయకండి, అక్కడ ఆ కేసు దాని దారిన అది నడుస్తుంది. లాయర్‌కి చూపించి ఏం రాయాలో ఆయన చేతే రాయించండి. జాతీయ మహిళా కమిషన్‌లో ఎన్‌ఆర్‌ఐ పెళ్లిళ్ల కోసమే ఒక విభాగం ఉంది, అక్కడా ఫిర్యాదు పెట్టండి.

ప్రశ్న: మా అమ్మాయి విడాకులు తీసుకుని ఇంటికొచ్చింది. పెళ్లికి చాలా ఖర్చు పెట్టాం. ఉన్న ఇల్లు, పొలం అబ్బాయికే రాద్దామనుకున్నాం. ఇప్పుడు అమ్మాయికీ ఇవ్వాలా? కొడుకు, కోడలు ముభావంగా ఉంటున్నారు.
- ఒక తల్లి, తెనాలి

జవాబు: పెళ్లి ఖర్చు ఆస్తిలో వాటా కాదమ్మా, ఆ భోజనాలు ఊరంతా తిన్నారు. పొలం తాతల నాటిదైతే మీరు ఇచ్చేదేమీ లేదు, కొడుకుతో సమానంగా అందులో ఆమె వాటా పుట్టుకతోనే వచ్చింది. కూతుళ్లకి ఈ హక్కుని దేశమంతటా 2005లో ఇచ్చారు, మన ఉమ్మడి రాష్ట్రంలో పెళ్లికాని కూతుళ్లకి 1985లోనే ఇచ్చారు. స్వార్జితమైతే మీ ఇష్టం, కాకపోతే మీ తర్వాత ఆమె నెత్తిన పైకప్పు ఎవరి దయ మీదా ఆధారపడకుండా చూడండి. ఇంట్లో ఒక గది ఆమెదని కొడుకు, కోడలు ఎదుటే ఇప్పుడే చెప్పండి. మీ కళ్ల ముందు చెప్పిన మాట తర్వాత గొడవల్ని చాలా తగ్గిస్తుంది. మీరూ మీవారూ వీలునామా రాసి, ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకుని, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించండి.