ప్రోస్టేట్ తీసేశాక క్యాన్సర్ తిరగబెట్టే అవకాశం ఎవరికి ఎక్కువ?

నాన్నగారికి ప్రోస్టేట్ తీసేశారు, రిపోర్టులో మార్జిన్ పాజిటివ్, పీటీ3ఎ అని ఉంది, రెండు నెలలకు పీఎస్‌ఏ (ప్రోస్టేట్ కణాల నుంచి వచ్చే ప్రొటీన్‌ను కొలిచే రక్తపరీక్ష) 0.05 వచ్చింది, మళ్లీ వస్తుందా అని అడిగారు. ఆ రెండు మాటలూ చూసి బెంబేలు పడకండి. అలాగని ఫైల్లో పెట్టి మరిచిపోనూ వద్దు.

ఆపరేషన్ తర్వాతి బయాప్సీ రిపోర్టు మొత్తం తీయండి. అందులో ముందు చూడాల్సింది గ్లీసన్ స్కోరు, అంటే క్యాన్సర్ కణాలు ఎంత దూకుడుగా ఉన్నాయో చెప్పే అంకె. 3+4 అయినా 4+3 అయినా కూడితే 7 వస్తుంది గానీ, 4 ముందుంటే రిస్క్ ఎక్కువ. 8 నుంచి 10 అయితే ఇంకా ఎక్కువ. పీటీ3ఎ అంటే గ్రంథి పొర దాటి బయటికి వచ్చిందని. సెమినల్ వెసికిల్స్‌లోకి (ప్రోస్టేట్ వెనకుండే వీర్య సంచులు) పాకితే పీటీ3బి, లింఫ్ గ్రంథులకు చేరితే ఎన్1 అంటారు. ఇవి రెండూ అంతకన్నా గట్టి హెచ్చరికలు. ఆపరేషన్‌కు ముందు పీఎస్‌ఏ 20 దాటి ఉన్నా లెక్కలోకి వస్తుంది.

మార్జిన్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. తీసిన గ్రంథికి పైన సిరా పూసి, పలచగా కోసి మైక్రోస్కోపు కింద చూస్తారు. క్యాన్సర్ కణాలు సిరాను తాకితే పాజిటివ్. లోపల మిగిలిపోయిందని అది ఖాయంగా చెప్పదు. ఎంత పొడవున తాకింది, ఎన్నిచోట్ల, అక్కడ గ్లీసన్ ఎంత అని డాక్టరు గారిని అడగండి. ఒక్కచోట 1 మి.మీ. తాకడానికీ, 3 మి.మీ. దాటి రెండు మూడు చోట్ల తాకడానికీ చాలా తేడా ఉంది.

పీఎస్‌ఏ ల్యాబ్ రిపోర్టులో 'నార్మల్ 0–4' అని ప్రింటై ఉంటుంది. దయచేసి దాన్ని నమ్ముకోకండి, అది ప్రోస్టేట్ ఉన్నవాళ్ల లెక్క. తీసేశాక 6–8 వారాలకల్లా పీఎస్‌ఏ దాదాపు కనబడకూడదు. 0.6 వచ్చినా నార్మలే అనుకుంటే విలువైన నెలలు పోతాయి. 0.2 చేరి, రెండోసారి చేసినా తగ్గకపోతే తిరగబెట్టినట్టే లెక్క. ఎంత వేగంగా రెట్టింపవుతోందన్నది కూడా ముఖ్యం. ఏడాదిలోపే రెట్టింపైతే ఆలస్యం చేయకూడదు.

నాన్నగారి 0.05 ఇప్పటికి కంగారు పడే అంకె కాదు. 3 నెలలకోసారి అదే ల్యాబ్‌లో చేయించి, తేదీతో సహా ఒక కాగితం మీద రాసుకోండి. జుట్టు కోసం బయోటిన్ బిళ్లలు వాడుతుంటే ల్యాబ్‌కు చెప్పండి, కొన్ని మెషీన్లలో దానివల్ల అంకె తక్కువగా వస్తుంది. ఇలాంటి రిపోర్టుకు చాలామందిలో రేడియేషన్ వెంటనే ఇవ్వకుండా, పీఎస్‌ఏ పెరుగుతుంటే మొదలుపెడతారు. ఈ రెండు పద్ధతుల్నీ పోల్చి చూసిన రాడికల్స్ ట్రయల్ ఫలితాలు 2020లో వచ్చి దీన్నే బలపరిచాయి. కానీ 0.5 చేరకముందే మొదలుపెట్టాలి. అంత తక్కువ అంకెలో పీఎస్‌ఎంఏ పెట్ స్కాన్‌లో (ప్రోస్టేట్ క్యాన్సర్ ఒంట్లో ఎక్కడుందో వెతికే స్కాన్) ఏమీ కనబడకపోవచ్చు, స్కాన్ క్లియర్‌గా ఉందని రేడియేషన్ వాయిదా వేయకండి.