కంటిలోని గడ్డను మాత్రమే కోసి తీయలేరా?

ప్రశ్న: మా పాపకు రెండేళ్ళు. ఫొటోల్లో ఎడమ కంటిపాప తెల్లగా మెరుస్తుంటే ఆస్పత్రిలో చూపించాం. రెటినోబ్లాస్టోమా (కంటి లోపలి రెటీనా పొరలో పుట్టే క్యాన్సర్) అని, కంట్లో ఒత్తిడి కూడా పెరిగిందని, చూపు పోయిందని, కన్ను తీసేయాలని అంటున్నారు. గడ్డ వరకే తీయలేరా? కత్తి పెడితే క్యాన్సర్ పాకుతుందని బంధువులు భయపెడుతున్నారు.
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: మీ బంధువుల మాటలో కొంత నిజం ఉందమ్మా. ఈ సర్జరీని ఎలా చేయాలో నిర్ణయించేది కూడా ఆ నిజమే. రెటినోబ్లాస్టోమా కణాలు ఒకదానికొకటి గట్టిగా అతుక్కుని ఉండవు, తేలిగ్గా విడిపోతాయి. కనుగుడ్డు చుట్టూ ఉన్న గట్టి తెల్ల పొర వాటిని లోపలే ఆపుతుంది. గడ్డను మాత్రమే కోయాలన్నా, బయాప్సీకి ముక్క తీయాలన్నా ఆ పొరకు గండి పెట్టాల్సిందే. అప్పుడు కణాలు కంటిగూటిలోకి, అక్కడి నుంచి ఒంట్లోకి చేరే ప్రమాదం ఉంటుంది. అందుకే ఈ జబ్బును ముక్క తీయకుండా, కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి లోపల చూసి, అల్ట్రాసౌండ్, ఎమ్మారై స్కాన్‌లతోనే నిర్ధారిస్తాం. తెల్లగా కనిపించిందని శుక్లం అనుకుని ఆపరేషన్ చేసి, జబ్బు బయటికి పాకాక మా దగ్గరికి పంపిన పిల్లలను చూసినప్పుడు కలిగే బాధ ఇంతా అంతా కాదు.

కన్ను తీసే సర్జరీలో కనుగుడ్డును ఎక్కడా తెరవరు, చెక్కుచెదరకుండా మొత్తంగా బయటికి తీస్తారు. పాపకు పూర్తి మత్తు ఇచ్చాక సర్జన్ రెండు కళ్ళలోకీ మరోసారి చూసి, తీయాల్సిన కన్ను ఏదో రూఢి చేసుకున్న తర్వాతే కత్తి పట్టాలి. కంటి కండరాలను లాగినప్పుడు గుండె వేగం ఒక్కసారిగా తగ్గవచ్చు. మానిటర్ మీద కన్నేసి ఉంచిన మత్తు డాక్టర్ చెప్పగానే సర్జన్ చేయి ఆపితే, సాధారణంగా కొద్ది క్షణాల్లోనే అది మామూలవుతుంది. వీటన్నిటికన్నా ముఖ్యమైనది కంటి నరం. క్యాన్సర్ మెదడు వైపు వెళ్ళే దారి అదే కాబట్టి, దాన్ని వీలైనంత పొడవుగా, సాధ్యమైతే 15 మిల్లీమీటర్ల వరకు, కనుగుడ్డుతో పాటే తీసుకురావాలి. తెగిన ఆ కొసలో కణాలు ఉన్నాయా, పక్క పొరల్లోకి గడ్డ ఎంత మేరకు చొచ్చుకుపోయింది అనే సంగతి పాథాలజీ రిపోర్టులో తేలుతుంది. కీమోథెరపీ అవసరమా కాదా అన్నది దాన్నిబట్టే చెబుతారు కనుక, ఆ రిపోర్టు చేతికి రాకుండా వైద్యం ముగిసిందనుకోకండి.

కంట్లోకి మెల్ఫలాన్ అనే మందు ఇంజెక్షన్ ఇచ్చి కొందరు పిల్లల కన్నును కాపాడుతున్న మాట నిజమే. ముందుగా కంటి ఒత్తిడి తగ్గించి, గడ్డ లేని చోటు చూసి సూది దించి, తీసేటప్పుడు ఆ రంధ్రాన్ని గడ్డకట్టేంత చల్లబరచి, కణం ఒక్కటీ వెంట రాకుండా జాగ్రత్తపడతారు. అయితే అది కంటిలోని జిగురు ద్రవంలో తేలే కణాలకు చేసే వైద్యం. ఒత్తిడి పెరిగి, చూపు పోయిన కంటిని దానికోసం ఉంచుకోవడం పాప ప్రాణానికే ముప్పు.

రెండో అభిప్రాయం కావాలంటే హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి వంటి, కంటి క్యాన్సర్ విభాగం ఉన్న చోట ఈ వారంలోనే తీసుకోండి. సర్జరీ సమయంలోనే కంటిగూటిలో చిన్న బంతి అమరుస్తారు. సుమారు ఆరు వారాలకు, పుండు మానాక, పాప కొలతలతో కృత్రిమ కన్ను తయారుచేస్తారు. కుడి కన్నును మాత్రం డాక్టర్ చెప్పిన తేదీలకు తప్పకుండా పరీక్ష చేయించాలి. పాపకు తోబుట్టువులుంటే, వాళ్ళ కళ్ళు కూడా ఇప్పుడే చూపించండి.