పక్కింటి బోరు లోతుకు పోతే మనదీ పోవాలా?

ప్రశ్న: తిరుపతి రూరల్‌లో కొత్త లేఅవుట్‌లో ఉంటున్నాం. ఇల్లు కట్టినప్పుడు 300 అడుగుల్లోనే నీళ్లు పడ్డాయి. పక్కన అపార్ట్‌మెంట్ లేచాక ఎండాకాలం రాకముందే బోరు ఆగి ఆగి పోస్తోంది. బోరు బండి ఆయనేమో 1,000 అడుగులు వెళ్దామంటున్నాడు. 2021లో చెరువులన్నీ పొంగాయి కదా, ఆ నీళ్లన్నీ ఏమయ్యాయి? అప్పు చేసైనా వేయించమంటారా?
– ఒక గృహిణి

జవాబు: అప్పు చేసి మాత్రం వద్దమ్మా. మన కింద ఉన్నది గట్టి రాయి. పైన శిథిలమై మెత్తబడిన పొరలో, దాని కింద రాతి పగుళ్లలో తప్ప నీళ్లు నిలిచే చోటే లేదు. ఆ మెత్తటి పొరలోనూ మన చేతికొచ్చే నీరు పొర మొత్తంలో నూటికి రెండు మూడు వంతులే, అందుకే 2021 నవంబరులో వీధులు మునిగేంత వాన కురిసినా రాయి పట్టగలిగినంత పట్టాక మిగతాదంతా స్వర్ణముఖి దారి పట్టి సముద్రానికి పోయింది. లోతుకు పోయేకొద్దీ పగుళ్లు తగ్గిపోతాయి. పగులు తగలకపోతే దుమ్ము లేస్తుంది, తగిలినా చాలాసార్లు అది పైనుంచి దిగిన నీరే, అంటే మీ వీధి మొత్తం తోడుకుంటున్న నీరే.

ముందు మీ మిద్దె చూడండి. 100 చదరపు మీటర్ల మిద్దె మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 5,000 లీటర్లు, ఒక ట్యాంకరు నీళ్లు, డ్రైనేజీలోకి పోతున్నాయి! బోరు చుట్టూ ఆరడుగుల లోతు గుంత తీయించి, గుంతలో ఉన్నంత మేర కేసింగ్‌కు (బోరులో దించిన పైపుకు) సన్న రంధ్రాలు వేసి, మెష్ గట్టిగా చుట్టి, అడుగున పెద్ద రాళ్లు, మీద కంకర, ఆపైన ఇసుక నింపి మిద్దె పైపు అందులోకి వదలండి. మొదటి వాన నీళ్లు మాత్రం బయటికి పోనివ్వాలి. వీధి కాలువ నీళ్లు, బట్టలుతికిన నీళ్లు ఒక్క చుక్క కూడా అందులో పడకూడదు, పడితే ఆ మురికి నేరుగా అందరి బోర్లలోకీ చేరుతుంది. సెప్టిక్ ట్యాంకు దగ్గర్లో ఉంటే ఈ పద్ధతి అసలు వద్దు, దూరంగా మామూలు ఇంకుడు గుంత చాలు.

ఒక్క ఇంటితో అయ్యే పని కాదు కాబట్టి అపార్ట్‌మెంట్ వాళ్లతో కూర్చుని మాట్లాడండి. మోటారు వేసి 20 లీటర్ల బకెట్ ఎన్ని సెకన్లలో నిండుతుందో నెలనెలా రాసుకుని ఆ కాగితం ముందు పెడితే గొడవ తగ్గి లెక్క మొదలవుతుంది. మన ఉమ్మడి చిత్తూరు జిల్లా రైతులు ఏపీఎఫ్ఏఎంజీఎస్ (రైతులే భూగర్భ జలాన్ని చూసుకునే) ప్రాజెక్టులో చేసిందీ ఇలాంటిదే: వాన, బోర్లలో నీటి మట్టం తామే కొలిచి, ఉన్న నీటిని బట్టి ఏ పంట వేయాలో కలిసి మాట్లాడుకున్నారు. చదువుకున్న మన అపార్ట్‌మెంట్లలో అది జరగకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

కొత్త బోరు తప్పదనుకున్నా 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం ప్రకారం ముందే అనుమతి తీసుకోవాలి, ప్రభుత్వ తాగునీటి బోరుకు 250 మీటర్లలోపు అనుమతి లేకుండా వేయకూడదు. ఇంకోటి, మీ లేఅవుట్ కింద చెరువుకు నీళ్లు తెచ్చే పాత కాలువ పూడిపోయి ఉందేమో సచివాలయంలో గ్రామ పటం అడిగి చూడండి. ఉంటే వీధివాళ్లంతా సంతకాలు పెట్టి, వానలకు ముందే తెరిపించమని అర్జీ ఇవ్వండి.