కజుయాను మార్చొద్దు, హెల్ స్వీప్ తగ్గించు

అబ్బీ, మూడు నెలలుగా టెక్కెన్ 8 ఫైటింగ్ గేమ్‌లో కజుయా అనే క్యారెక్టర్‌తోనే ఆడుతున్నా ర్యాంక్ కదలట్లేదు, క్యారెక్టర్ మార్చాలా అని అడిగినావు. వద్దు.

నువ్వు పెట్టిన వీడియో చూసినా. ఓడిన మూడు రౌండ్లలోనూ ఒకటే కథ: ప్రాణం తక్కువైతే చాలు, హెల్ స్వీప్, అంటే కాళ్లను ఊడ్చే ఆ కింది తన్ను. అవతలోడు కూర్చుని బ్లాక్ చేస్తాడు, నిన్ను గాల్లోకి లేపుతాడు. నీది కాంబోల (వరుస దెబ్బల) కొరత కాదప్పా, కంగారు.

కడప ఏడు రోడ్ల దగ్గర గేమ్ పార్లర్‌లో నేనూ ఇట్లే డబ్బులు తగలేసినోణ్ణే.

రీప్లేలో నువ్వు దెబ్బ తిన్న చోట ఆపి, కంట్రోల్ నీ చేతికి తీసుకో. అదే దెబ్బను బ్లాక్ చేసి, జాబ్ (చిన్న వేగమైన పంచ్) కొట్టి చూడు. జాబ్ తగలడానికి 10 ఫ్రేములు పడుతుంది; ఫ్రేమంటే తెర మీద ఒక్క బొమ్మ, ఆట సెకనుకు 60 ఫ్రేములు నడుస్తుంది. బ్లాక్ అయ్యాక అవతలోడు 10 ఫ్రేములు వెనకబడితే నీ జాబ్‌ను ఆపలేడు. రోజుకు ఒక్క దెబ్బ చాలు, ముందు నిన్ను ఎక్కువగా కొడుతున్న క్యారెక్టర్‌వి.

ఎలెక్ట్రిక్ (కజుయా మెరుపు పంచ్) మాత్రం వదలొద్దు. స్టిక్‌ను కింద-ముందు మూలకు తోయడమూ, పంచ్ బటనూ ఒకే ఫ్రేములో పడాల. తెర ఎడమ పక్క నిలబడినప్పుడు వచ్చిందని మురిసిపోకు, కుడి పక్కకు మారితే నా వేళ్లు ఇప్పటికీ తడబడతాయి.

వారం తర్వాత ఇంకో వీడియో పెట్టు.