చిన్నతాత జీవితం రాసే ముందు

చిరంజీవి అమ్మణ్ణికి ఆశీస్సులు.

మా చిన్నాన్న జీవితం రాస్తున్నావని మీ నాయన ఫోన్లో చెప్పాడు. సంతోషం పట్టలేకపోయాను, వెంటనే భయమూ వేసింది. ఇరవై నాలుగేళ్లకే జ్వరంతో పోయిన మనిషిని ఆంధ్ర రాష్ట్రం కోసం జరిగిన ఉద్యమంలో పోయినట్టు రాస్తావేమోనని.

ముందు బతికున్న పెద్దవాళ్లను అడుగు, విన్నది ఆ రాత్రే రాసిపెట్టుకో. బడి రిజిస్టర్లో పుట్టినరోజును వెంటనే నమ్మకు, చేర్చుకునే వయసుకు సరిపోయేలా వేసినవి చాలా ఉంటాయి.

అసలు తిప్పలు పోయిన తేదీతో. పటం కింద 1952 అని ఉంది చూడు, అది తప్పు. తద్దినం మాఘ బహుళ పంచమికి పెడతాం. పురోహితుడి పుస్తకంలో సంవత్సరం నందన. ఆ నందన 1952 ఉగాదికి మొదలైంది కాబట్టి ఎవరో 1952 వేసేశారు. కానీ మాఘ ఫాల్గుణాలు వచ్చేసరికి ఇంగ్లీషు సంవత్సరం మారిపోతుంది. పుష్యంలో అయితే తిథి చూసి గానీ తేల్చలేం. ఈ లెక్కన ఆయన పోయింది 1953 ఫిబ్రవరి మొదటి వారంలో. 1952 ఫిబ్రవరి అనుకుంటే పొట్టి శ్రీరాములుగారు దీక్షకు కూర్చోకముందే పోయినట్టవుతుంది! 1952 అక్టోబర్ 19న మద్రాసులో మొదలైన దీక్ష, యాభై ఎనిమిదో రోజున, డిసెంబర్ 15న ఆయన మరణం, 19న నెహ్రూ ప్రకటన, ఇవన్నీ చిన్నాన్న బతికుండగానే జరిగాయి. 1953 అక్టోబర్ 1న వచ్చిన ఆంధ్ర రాష్ట్రాన్ని మాత్రం చూడలేదు పాపం.

అంతమాత్రాన ఊరేగింపుల్లో నడిచాడని రాయకు తల్లీ. చూశామని ఎవరైనా చెబితేనే రాయి, చెప్పినవాళ్ల పేరుతో సహా. దొరకకపోతే వదిలెయ్యి. కడుపు తరుక్కుపోయినా కల్పించొద్దు.

ఇంకోటి. మన కనిగిరి అప్పుడు నెల్లూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడి, 1972లో ప్రకాశం అయింది. పాత కాగితాలకు ఒంగోలు ఒక్కటే తిరిగితే చాలదు, నెల్లూరులోనూ అడుగు. శ్రీరాములుగారి పూర్వీకులది మన వైపు పడమటిపల్లె అయినా, 1901లో ఆయన పుట్టింది మద్రాసులో. అభిమానం కొద్దీ ఇక్కడే పుట్టారని రాసేవాళ్లున్నారు, నువ్వు రాయకు.

ఎండలు ముదరకముందే రా. పురోహితుడి పుస్తకంలో ఆ పేజీ అంచు చిరిగిపోతోంది, వచ్చిన రోజే ఫోటో తీసుకో. పటం కింద అంకె నీ చేత్తోనే దిద్దుదువుగాని. వేళకు తిను.

మీ పెదనాన్న