ప్రభుత్వ పాఠశాలల్లో సంగీతం నిలవాలంటే ముందు కావలసింది పీరియడు

ప్రభుత్వ పాఠశాలల్లో సంగీత బోధన ఇకముందు నిలుస్తుందా, అందుకు వాద్యాలు కొనడం మేలా, యాప్‌లతో నేర్పడం మేలా అని మీరు అడిగారు. ప్రాథమిక తరగతుల పిల్లలకు పదిహేడేళ్లుగా పాట నేర్పుతున్నవాడిగా నా అభిప్రాయం ఇది: ఆ రెండింటికన్నా ముందు ప్రతి తరగతికీ వారం వారం సంగీతం పీరియడు ఉండాలి, దాన్ని మరో సబ్జెక్టు లాక్కోకూడదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, గొంతు బాగున్న పదిహేనుమందిని ఏరి వార్షికోత్సవానికి తయారు చేయడమే నా పనిగా ఉండేది. పరీక్షలు దగ్గరపడగానే నా పీరియడు గణితానికి వెళ్లిపోయేది. విరాళంగా వచ్చిన కీబోర్డులు బాగుచేసేవారు లేక బీరువాలోనే ఉండిపోయాయి.

తర్వాత నేను మారిన బడిలో ప్రధానోపాధ్యాయురాలు అన్ని తరగతులకూ వారానికి రెండు పీరియడ్లు కేటాయించి, ఏడాది పొడవునా వాటిని కదలనివ్వలేదు. అక్కడ రెండో తరగతిలో ఒక పిల్లవాడు ఏ పాటనైనా ఒకే స్వరం మీద పాడేవాడు. వాడికి పాట రాదని ఇంట్లోవాళ్లు అప్పటికే తేల్చేశారు. మగవాడి గొంతు పిల్లల గొంతుకన్నా ఒక స్థాయి కింద పలుకుతుంది కాబట్టి, నేను పాడి వినిపిస్తే కొందరు పిల్లలకు శ్రుతి దొరకదు. అందుకని వాడు పాడే స్వరాన్నే తరగతి అంతటిచేతా పాడించాను. తన గొంతు పదిమంది గొంతుతో కలిసినప్పుడు ఎలా ఉంటుందో వాడు మొదటిసారి విన్నది అప్పుడే. అక్కడినుంచి ఒక్కో స్వరం పైకి జరుపుతూ వెళితే, నాలుగు నెలలకు వాడు చిన్న పాట శ్రుతి తప్పకుండా పాడాడు. ఏరి తీసే పద్ధతిలో అలాంటి పిల్లవాడికి నా తరగతిలో చోటే ఉండేది కాదు.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1838లో అమెరికాలోని బోస్టన్ ప్రభుత్వ పాఠశాలల్లో సంగీతం పాఠ్యాంశంగా చేరడానికి కారకుడైన లోవెల్ మేసన్, పాడడం పిల్లలందరికీ నేర్పవచ్చని నమ్మినవాడు. హంగరీలో స్వరకర్త జోల్తాన్ కొదాయ్ వాద్యానికి ముందు గొంతే పునాది కావాలన్నారు. ఆయన ఆలోచనలపై 1950లో కెచ్‌కెమేత్ పట్టణంలో సంగీతానికి ప్రాధాన్యమిచ్చే ప్రాథమిక పాఠశాల మొదలైంది.

యాప్ ఇంటి దగ్గర లయ సాధనకు పనికొస్తుంది కాని, నలభైమంది కలిసి పాడుతున్నప్పుడు ఎవరి గొంతు విడిపోతోందో కనిపెట్టి దగ్గరికి వెళ్లలేదు. సంగీతం టీచరు దొరకని బడుల కోసం, తరగతి ఉపాధ్యాయులకు శిక్షణలోనే పాట నేర్పడం నాకు కనిపించే దారి.

మీ పిల్లల బడిలో పరిస్థితి తెలుసుకోవాలంటే, వాద్యాలు ఎన్ని ఉన్నాయని కాకుండా, పోయిన నెలలో సంగీతం పీరియడ్లు నిజంగా ఎన్ని జరిగాయని అడగండి.